ఇంట్లో సొంతంగా ఫిజిక్స్ చదువుకునేవాళ్లు లెక్కలు ఎక్కడ వెతుక్కోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంటర్ ఎంపీసీ చదివి చాలా ఏళ్లైంది, తర్వాత దారి మారి అకౌంట్స్ ఉద్యోగంలో పడ్డారు, ఇప్పుడు ఇష్టం కొద్దీ ఫిజిక్స్ మళ్ళీ మొదటినుంచీ చదువుతున్నారు. పాఠం చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటోంది, లెక్క ముందు పెట్టుకుంటే మాత్రం చెయ్యి కదలడం లేదు. సొల్యూషన్లతో సహా మంచి ప్రాబ్లమ్స్ ఎక్కడ దొరుకుతాయి, ఎన్ని చెయ్యాలి అని మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు. మీకు మూడు చాలు. జవాబులు మాత్రమే ఉండి సొల్యూషన్లు లేని మెయిన్ పుస్తకం ఒకటి, పూర్తి సొల్యూషన్లు ఉన్న సోర్సు ఇంకొకటి, నాలుగైదు చాప్టర్లకోసారి మిమ్మల్ని మీరు పరీక్షించుకోవడానికి పాత పరీక్ష పేపర్లు. మీ స్థాయికి మొదటిది హెచ్.సి. వర్మ గారి 'కాన్సెప్ట్స్ ఆఫ్ ఫిజిక్స్', రెండోది అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు తమ ఉచిత పాఠాల సైటు ఓపెన్‌కోర్స్‌వేర్‌లో పెట్టిన ప్రాబ్లం సెట్లు, మూడోది మెకానిక్స్ వరకూ అమెరికాలో జరిగే 'ఎఫ్ ఈక్వల్స్ ఎమ్ఏ' పరీక్ష పేపర్లు, అవి అయ్యాక జేఈఈ అడ్వాన్స్‌డ్ పాత పేపర్లు. డబ్బు పెట్టాల్సింది వర్మకి ఒక్కదానికే, మిగతావన్నీ ఉచితంగానే దొరుకుతాయి.

ఇక్కడితో ఆపేయొచ్చు గానీ, పేర్లు చెప్పి వదిలేస్తే ఏమవుతుందో చాలాసార్లు చూశాను. పీడీఎఫ్‌లు అన్నీ డౌన్‌లోడ్ అవుతాయి, ఫోల్డర్‌కి 'ఫిజిక్స్' అని పేరు పడుతుంది, అంతే. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, అంతకుముందు ఇంటర్ పిల్లలకి కోచింగ్‌లో చెప్పాను. ఈ మధ్య మీలాగే ఉద్యోగాలు చేసుకుంటూ సొంతంగా చదివే పెద్దవాళ్లు కొందరు డౌట్లు పట్టుకుని వస్తున్నారు. వాళ్లలో లెక్కలు దొరక్క ఆగిపోయినవాళ్లు ఒక్కరూ లేరు. కొరత లెక్కలకి కాదండీ, దిద్దేవాళ్లకి. కాలేజీలో అయితే లెక్చరరు నోట్సు చూసి 'ఇక్కడ టెన్షన్ రెండు వైపులా ఒకటే అని ఎందుకు రాశావు' అని అడుగుతాడు. ఇంట్లో అడిగేవాళ్లు లేరు. కాబట్టి ఏ సోర్సు తీసుకున్నా 'ఇందులో లెక్కలు కష్టమా తేలికా' అని కాకుండా, 'నేను చేసింది ఒప్పో తప్పో నాకు ఎలా తెలుస్తుంది' అని ముందు చూసుకోండి. కింద నేను చెప్పేదంతా ఆ దృష్టితో చెప్పేదే.

మెయిన్ పుస్తకంలో సొల్యూషన్లు వద్దని ఎందుకన్నాను

మీరు 'సొల్యూషన్లతో సహా' అని అడిగారు, అందరూ అదే అడుగుతారు. సొల్యూషన్ అదే పేజీలో ఉంటే, లెక్క చదివిన రెండు నిమిషాలకి కళ్ళు కిందికి పోతాయి, అది ఎవరి చేతుల్లోనూ ఉండదు. కింద చదివితే అంతా సబబుగానే కనిపిస్తుంది, 'ఆఁ, నేనూ ఇలాగే చేసేవాణ్ణి' అనిపిస్తుంది. నా దగ్గరికి వచ్చే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇలాగే సాల్వ్‌డ్ ప్రాబ్లమ్స్ పుస్తకం లావుపాటిది ఒకటి మొత్తం పూర్తి చేశాడు, మార్జిన్లలో టిక్కులు కూడా పెట్టుకున్నాడు. వాలు తలం మీద దొర్లే స్తూపం లెక్క ఇస్తే పటం గియ్యలేకపోయాడు. మనిషి తెలివైనవాడే, చదివిందీ నిజమే, కానీ ఆ పుస్తకంలో పటం ఎప్పుడూ పుస్తకమే గీసి పెట్టింది. ఫిజిక్స్ లెక్కలో సగం పని ఆ పటం దగ్గరే అయిపోతుంది.

జవాబు మాత్రమే ఉంటే కథ వేరుగా ఉంటుంది. మీకు ఒకటి వచ్చింది, వెనక ఇంకొకటి ఉంది, ఎందుకు తేడా వచ్చిందో తేల్చుకోవాల్సింది మీరే. ఆ తేల్చుకోవడంలో నేర్చుకున్నంత పది సొల్యూషన్లు చదివినా రాదు.

వర్మ గారి పుస్తకం 1992లో వచ్చింది, ఆయన ఐఐటీ కాన్పూర్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా చేశారు, 2021లో పద్మశ్రీ ఇచ్చారు. మొత్తం 47 చాప్టర్లు, మొదటి భాగంలో 22. ప్రతి చాప్టర్‌లో పాఠం తర్వాత సాల్వ్ చేసిన ఉదాహరణలు, ఆ తర్వాత షార్ట్ ఆన్సర్ ప్రశ్నలు, రెండు రకాల ఆబ్జెక్టివ్ బిట్లు, చివర ఎక్సర్‌సైజులు ఉంటాయి. కోచింగ్ పిల్లలు షార్ట్ ఆన్సర్ ప్రశ్నలు వదిలేసి బిట్ల మీద పడతారు, మార్కులు అక్కడ ఉన్నాయి కాబట్టి. మీకు పరీక్ష లేదు. మీరు దానికి తిరగేసి, షార్ట్ ఆన్సర్ ప్రశ్నలతోనే మొదలుపెట్టండి. ఆ ప్రశ్నలకి పుస్తకంలో జవాబులు కూడా ఉండవు, లెక్క కట్టేది ఏమీ ఉండదు, నాలుగు వాక్యాల్లో కారణం చెప్పాలి. ఆ నాలుగు వాక్యాలు కాగితం మీద రాయలేకపోతే పాఠం ఇంకా పట్టుబడనట్టే. మనసులో చెప్పుకుంటే చాలదు, రాయాలి.

ఇంకోమాట. రెండో చాప్టర్ 'ఫిజిక్స్ అండ్ మ్యాథమెటిక్స్' అని ఉంటుంది, వెక్టర్లు, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ కొద్దికొద్దిగా. చదివి చాలా ఏళ్లైంది అన్నారు కాబట్టి దాన్ని దాటెయ్యకండి, రెండు వారాలు పట్టినా పర్వాలేదు. నా దగ్గరికి వచ్చే ఒక టీచరమ్మ, బడిలో సోషల్ చెప్తారు, తన తప్పులన్నీ ఒక నోట్సులో రాసుకొస్తే ఇద్దరం కూర్చుని చూశాం. ఫిజిక్స్ తప్పులు చాలా తక్కువ. మిగతావన్నీ సైన్ రాయాల్సిన చోట కాస్ రాయడం, మైనస్ గుర్తు పోవడం, ఇంటిగ్రేషన్‌లో హద్దులు వెయ్యకపోవడం. 'నాకు ఫిజిక్స్ రాదు సార్' అనుకుంటూ వచ్చిన మనిషి, ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలు తీసి కొన్ని వారాలు అవి చేసుకుని మళ్ళీ వచ్చారు, తర్వాత బండి బాగానే నడిచింది.

వర్మ మరీ బరువుగా అనిపిస్తే ఇంకో దారి ఉంది. రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్‌లో 'యూనివర్సిటీ ఫిజిక్స్' మూడు భాగాలు పూర్తిగా ఉచితం. లెక్కలు తేలికనుంచి మొదలై మెల్లగా ఎక్కుతాయి, చివర 'చాలెంజ్' అని కొన్ని విడిగా ఉంటాయి. బేసి సంఖ్య లెక్కలకే వెనక జవాబులుంటాయి, కాబట్టి బేసివి చేసుకుంటూ పోండి. ఎన్‌సీఈఆర్‌టీ 'ఎగ్జెంప్లార్' ప్రశ్నల పుస్తకం కూడా ఉచితమే, మంచిదే, కానీ లెక్కలు తక్కువ. వర్మ చాప్టర్ అయ్యాక దాంట్లో అదే చాప్టర్ తిరగేస్తే మెలికలున్న ప్రశ్నలు కొన్ని తగులుతాయి.

ఇరోడోవ్ గురించి తప్పకుండా ఎవరో ఒకరు చెప్తారు

చెప్పక మానరు. సోవియట్ కాలంలో మీర్ పబ్లిషర్స్ వేసిన లెక్కల పుస్తకం, రెండు వేలకు దగ్గర ప్రాబ్లమ్స్. ఒకప్పుడు మన దగ్గర విశాలాంధ్ర షాపుల్లో మీర్ పుస్తకాలు గట్టి అట్టలతో కారుచౌకగా దొరికేవి, మా తరం ఇళ్లల్లో ఇప్పటికీ ఉంటాయి, చాలామంది అరల్లో కొత్తగానే ఉంటాయి కూడా. గొప్ప పుస్తకం, ఆ మాటకి తిరుగులేదు. కానీ అందులో లెక్క ఒక్క వాక్యంలో ఉంటుంది, జవాబు వెనక ఒక్క లైనులో ఉంటుంది, మధ్యలో ఉన్న దారంతా మీదే. మొదటిసారి చదివేవాళ్లకి దాన్ని సిఫారసు చేసేవాళ్లు తమ గొప్ప చెప్పుకుంటున్నారని నా అభిప్రాయం. మీరు ఒక చాప్టర్ వర్మలో పూర్తి చేసి, నెల తర్వాత అదే అంశం మీద ఇరోడోవ్‌లో రెండో మూడో లెక్కలు ఏరుకుని ఆదివారం పొద్దున కూర్చోండి. ఒకటి వచ్చినా ఆ వారం బాగుంటుంది. వరసపెట్టి మొదటి లెక్కనుంచి చేద్దామని మాత్రం పెట్టుకోకండి.

సొల్యూషన్లున్న సోర్సు ఎలా వాడాలి

ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఫిజిక్స్ కోర్సుల నంబర్లన్నీ 8తో మొదలవుతాయి. 8.01 మెకానిక్స్, 8.02 విద్యుత్తు, అయస్కాంతత్వం. వీటికి ప్రాబ్లం సెట్లు, చాలావాటికి సొల్యూషన్లు, పరీక్ష పేపర్లు కూడా ఉంటాయి. అదే కోర్సు వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు ప్రొఫెసర్లు చెప్పినవి విడివిడిగా ఉంటాయి, అందులో సొల్యూషన్లు పెట్టిన సంవత్సరం చూసి పట్టుకోండి. వాటిలో నాకు నచ్చేది ఏమిటంటే, ఒక లెక్కనే ఏ, బీ, సీ, డీ అని ముక్కలు చేసి మెట్లు ఎక్కిస్తారు, దారి తప్పితే ఏ మెట్టు దగ్గర తప్పారో తెలిసిపోతుంది.

సొల్యూషన్ ఫైలు విడిగా పెట్టుకోండి, వీలైతే వేరే ఫోల్డర్‌లో. ఒక లెక్క మీద ముప్పై నలభై నిమిషాలు నిజంగా కూర్చోండి. నిజంగా అంటే పటం గీసి, తెలిసినవి రాసి, ఏ సూత్రం పనికొస్తుందో ఒకటి రెండు ప్రయత్నించి. అప్పటికీ కదలకపోతే సొల్యూషన్ తెరిచి మొదటి లైను చూసి కాగితంతో మిగతాది మూసెయ్యండి. చాలాసార్లు ఆ ఒక్క లైను చాలు, 'ఓహో, కోణీయ ద్రవ్యవేగం ఈ బిందువు చుట్టూ తీసుకోవాలన్నమాట' అని తట్టి మిగతాది మీరే లాగేస్తారు. మొత్తం చదవాల్సి వస్తే చదవండి, తప్పేం లేదు, కానీ ఆ లెక్క నంబరు పక్కన గుర్తు పెట్టి వారం పదిరోజుల తర్వాత ఖాళీ కాగితం మీద మళ్ళీ చెయ్యండి. రెండోసారి రాకపోతే మీకు వచ్చింది ఆ సొల్యూషన్ చదవడమే, లెక్క కాదు.

కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ల 'ఐజాక్' సైటు కూడా ఇక్కడే చెప్పాలి. ఉచితం, ప్రశ్నలు స్థాయిల వారీగా ఉంటాయి, మీ జవాబు టైపు చేస్తే వెంటనే ఒప్పో తప్పో చెప్తుంది. విలువ ఒక్కటే కాదు, యూనిట్లు తప్పు పెట్టినా, సిగ్నిఫికెంట్ అంకెలు ఎక్కువ రాసినా ఒప్పుకోదు. అకౌంట్స్‌లో పైసలతో సహా లెక్క తేల్చే అలవాటున్న మీలాంటివాళ్లకి మొదట్లో ఇది చికాకు పెడుతుంది, కొలిచింది రెండు అంకెల వరకే అయితే ఎనిమిది అంకెల జవాబు రాయకూడదన్నది త్వరగానే అలవాటవుతుంది.

నెట్‌లో వర్మ పుస్తకానికి సొల్యూషన్లు కుప్పలుగా ఉన్నాయి. చాలా వాటిలో జవాబు వెనకనుంచి ముందుకి లాగి కలిపినట్టు ఉంటుంది, మధ్యలో ఒక మైనస్ గుర్తు మాయమవుతుంది. చివరి ఆసరాగా చూడండి, అంతే. ఈ చాట్‌బాట్ల సంగతీ దాదాపు అంతే: తేలిక లెక్కలు బాగానే చేస్తాయి, మెలిక ఉన్నచోట తప్పు కూడా అదే ధీమాతో రాస్తాయి, కొత్తగా నేర్చుకునేవాళ్లకి రెంటికీ తేడా తెలియదు. 'మొత్తం చెయ్యొద్దు, నా సొల్యూషన్‌లో తప్పు ఏ లైనులో ఉందో మాత్రం చెప్పు' అని అడిగితే కాస్త ఉపయోగం, ఆ లైను మళ్ళీ మీరే చూసుకోవాలి.

జవాబు లేకుండానే సరిచూసుకోవడం

అన్నిటికంటే ఎక్కువసేపు ఇక్కడే ఆగుతాను, ఎందుకంటే ఇది వస్తే ఏ లెక్కల పుస్తకమైనా, వెనక పేజీలు చిరిగిపోయినదైనా మీకు పనికొస్తుంది.

పైన చెప్పిన స్తూపం లెక్కే తీసుకుందాం. ఘన స్తూపం వాలు తలం మీద జారకుండా దొర్లుతోంది, త్వరణం ఎంత? జవాబు మూడింట రెండు వంతుల జీ సైన్ తీటా (జీ గురుత్వ త్వరణం, తీటా వాలు కోణం). వచ్చింది కదా అని తర్వాతి లెక్కకి పోకండి. ముందు యూనిట్లు: జీ త్వరణం, సైన్‌కి యూనిట్లు లేవు, సరే. తర్వాత కోణం సున్నా పెట్టండి: త్వరణం సున్నా, నేల మీద పెట్టిన స్తూపం కదలదు, సరే. ఇప్పుడు కోణం 90 డిగ్రీలు పెట్టండి. మూడింట రెండు వంతుల జీ వస్తుంది. ఆగండి, నిట్టనిలువు గోడ పక్కన వదిలిన స్తూపం జీతోనే పడాలి కదా, గోడ దాన్ని పట్టుకోదు. మరి ఫార్ములా తప్పా? ఫార్ములా తప్పు కాదు, 'జారకుండా' అన్న షరతు అక్కడ చెల్లదు. గోడ నుంచి లంబ బలం లేదు, కాబట్టి ఘర్షణ లేదు, కాబట్టి దొర్లడమే లేదు. అయితే ఏ కోణం దాకా చెల్లుతుంది? అదీ మీరే కట్టొచ్చు: దొర్లడానికి కావలసిన ఘర్షణ బలం, బరువులో సైన్ తీటా భాగానికి మూడో వంతు, దొరికే గరిష్ఠ ఘర్షణ మ్యూ (ఘర్షణ గుణకం) రెట్లు లంబ బలం, రెండూ పోల్చితే టాన్ తీటా విలువ మూడు మ్యూలు దాటకూడదని వస్తుంది. చూడండి, పుస్తకం ఒక లెక్క ఇచ్చింది, మీకు రెండోది దానంతట అదే దొరికింది.

ఇంకా పొండి. ఘన స్తూపం బదులు వలయం పెడితే సగం, ఘన గోళం పెడితే ఏడింట అయిదు వంతులు, బోలు గోళానికి అయిదింట మూడు వంతులు. ద్రవ్యరాశి, వ్యాసార్థం ఎక్కడా మిగల్లేదు, అంటే చిన్న గోళీ అయినా పెద్ద ఇనప గుండు అయినా ఒకే సమయానికి కిందికి వస్తాయి. ఎందుకు మిగల్లేదు? అదే లెక్క బలాలతో చేసి ఉంటే శక్తి నిత్యత్వంతో మళ్ళీ చెయ్యండి, రెండు దారుల్లో ఒకే జవాబు వస్తే వెనక పేజీ చూడక్కర్లేదు. తర్వాత ఒకే రకం ప్లాస్టిక్ సీసాలు రెండు, ఒకటి నిండుగా నీళ్లతో, ఒకటి ఖాళీగా, చెక్క మీద పక్కపక్కనే వదలండి. నిండు సీసా ముందు వస్తుంది. మీరు నిండు సీసాని ఘన స్తూపం అనుకుని లెక్క కడితే ముందు రావడం వరకూ కలుస్తుంది, కానీ లోపలి నీళ్లు సీసాతో పాటు పూర్తిగా తిరగవు, కాబట్టి అసలు త్వరణం ఆ లెక్క కంటే కూడా ఎక్కువ. ఎంత ఎక్కువ, గరిష్ఠంగా ఎంత దాకా పోవచ్చు అన్నది మీకే వదిలేస్తున్నా.

ఇలా ఒక్క లెక్కని గంటన్నర నమిలితే చాప్టర్‌కి యాభై లెక్కలు చెయ్యక్కర్లేదు. 'ఎన్ని చెయ్యాలి' అన్నదానికి నా జవాబు: చాప్టర్‌కి పన్నెండు నుంచి పదిహేను ఎక్సర్‌సైజులు, వరసలో కాకుండా మొదట, మధ్య, చివర నుంచి ఏరి. వాటిలో రెండు మూడిటిని పైన చెప్పినట్టు చివరిదాకా పిండాలి. కోచింగ్‌లో పిల్లలతో వందల కొద్దీ చేయిస్తారు, అది వేగం కోసం. మీకు వేగంతో పని లేదు.

కొన్ని లెక్కలు మీరే తయారు చేసుకోవచ్చు కూడా. ఊళ్ళో పొలానికి 5 హెచ్‌పీ మోటారు ఉందనుకోండి, నీళ్లు 60 మీటర్ల లోతు నుంచి వస్తున్నాయి, నిమిషానికి ఎన్ని లీటర్లు రావాలి? ఒక హెచ్‌పీ 746 వాట్లు, అయిదుకి 3730. మోటారు, పంపు కలిపి సగం పోయిందనుకుంటే 1865 వాట్లు మిగిలాయి. కిలో నీటిని 60 మీటర్లు ఎత్తడానికి 588 జౌళ్లు. భాగిస్తే సెకనుకి మూడు లీటర్లు పైచిలుకు, అంటే 200 లీటర్ల డ్రమ్ము ఇంచుమించు నిమిషంలో నిండాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. రెండు నిమిషాలు పడితే కారణం వెతకండి: వోల్టేజీ తక్కువా, నీటి మట్టం ఇంకా కిందికి పోయిందా, పైపులో ఘర్షణా, 'సగం' అన్న మీ ఊహే ఎక్కువా. దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు, డ్రమ్ములోనే ఉంటుంది. ఫ్లాట్లలో ఉండేవాళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకు మోటారుతో ఇదే చెయ్యొచ్చు, వాచ్‌మన్‌ని అడిగి.

కాస్త కంప్యూటర్ తెలిస్తే ఇంకో పరీక్ష. లఘులోలకానికి పుస్తకంలో ఇచ్చే ఆవర్తన కాలం (ఒక పూర్తి ఊపుకి పట్టే సమయం) చిన్న కోణాలకే. ఎంత చిన్న? సమయాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి స్ప్రెడ్‌షీట్‌లోనే లెక్క కట్టొచ్చు, మీకు ఎక్సెల్ ఎటూ రోజూ పనే. 30 డిగ్రీల నుంచి వదిలితే ఆవర్తన కాలం 2 శాతం లోపే పెరుగుతుంది, 60కి 7 శాతం పైన, 90కి 18 శాతం. మీ షీటులో ఇవి వస్తే షీటు సరిగా ఉన్నట్టు. ఆ తర్వాత గాలి నిరోధం కలపండి, ఫార్ములా దొరకని లెక్కలు కూడా చేతికొస్తాయి.

పాత పేపర్లు

'ఎఫ్ ఈక్వల్స్ ఎమ్ఏ' అమెరికా ఫిజిక్స్ టీచర్ల సంఘం పెట్టే పరీక్ష, అక్కడి ఒలింపియాడ్ ఎంపికలో మొదటి మెట్టు. 25 బిట్లు, 75 నిమిషాలు, మెకానిక్స్ మాత్రమే, కాలిక్యులస్ అవసరం రాదు. చదవడానికి చిన్నగా ఉంటాయి, ఆలోచిస్తే గానీ తెగవు. మెకానిక్స్ అయిపోయిందనుకున్నాక ఒక ఆదివారం గడియారం పెట్టుకుని ఒక పేపరు రాయండి.

జేఈఈ అడ్వాన్స్‌డ్ పేపర్లు వాళ్ల అధికారిక సైటులోనే ఉంటాయి. పరీక్ష మీద ఎన్ని విమర్శలున్నా లెక్కలు బాగా కడతారు, ఒక్కో ప్రశ్నలో రెండు మూడు చాప్టర్లు కలిసి వస్తాయి, సొంతంగా చదివేవాళ్లకి అసలు ఇబ్బంది అక్కడే. చాప్టర్ చివరి లెక్క అయితే ఏ సూత్రం వాడాలో చాప్టర్ పేరే చెప్పేస్తుంది. కలగాపులగంగా ఉన్న పేపర్లో అది మీరే తేల్చుకోవాలి. అందుకే పేపర్లు మానకండి అంటాను. బిట్లు చేసేటప్పుడు ఆప్షన్లు కాగితంతో మూసి చెయ్యండి, లేకపోతే లెక్క చెయ్యకుండా ఆప్షన్లు ఏరెయ్యడం అలవాటవుతుంది, మనవాళ్లకి ఎంసెట్ రోజులనుంచీ ఉన్న జబ్బే అది. షార్ట్‌కట్లు నింపిన గైడ్లు, బిట్ బ్యాంకులు మీకు బొత్తిగా అనవసరం.

తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు పేపర్లు చూసి జంకేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులో కూడా ఉంది, మన ఈఏపీసెట్ పేపర్లు ఎటూ రెండు భాషల్లో ఉంటాయి. తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాల్లో పాఠం బాగుంటుంది గానీ లెక్కలు ఎక్కువగా ఒక మెట్టువే, అక్కడ మొదలుపెట్టి ఈ పేపర్లకి రండి.

ఇంకా పైకి పోవాలంటే ఒలింపియాడ్. ముంబైలోని హోమీ భాభా సెంటర్ సైటులో మన జాతీయ ఒలింపియాడ్ పేపర్లు సొల్యూషన్లతో ఉంటాయి. అంతర్జాతీయ ఒలింపియాడ్ 1967లో వార్సాలో మొదలైంది, మనవాళ్లు 1998 నుంచి వెళ్తున్నారు, పాత పేపర్లన్నీ నెట్‌లో ఉన్నాయి. ఒక్కో లెక్క నాలుగైదు పేజీలు, నవల్లా సాగుతుంది. గెలవాలని కాదు, సెలవు రోజు తీరిగ్గా చేసుకుంటే ఎంత బాగుంటాయో చెప్పలేను.

డిగ్రీ స్థాయి మీకు ఇప్పుడే అక్కర్లేదు కాబట్టి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను: మెకానిక్స్‌కి డేవిడ్ మోరిన్ పుస్తకం, విద్యుదయస్కాంతత్వానికి గ్రిఫిత్స్. పేపర్లు కావాలంటే ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష 'జామ్' ఫిజిక్స్, అందులో 60 ప్రశ్నల్లో చివరి 20కి ఆప్షన్లు ఉండవు, సంఖ్య మీరే రాయాలి, మీలాంటివాళ్లకి సరిగ్గా కావలసినవి అవే.

కొన్ని జాగ్రత్తలు

పుస్తకం వెనక జవాబు కూడా అచ్చు తప్పు కావచ్చు, అరుదుగా. యూనిట్లు, సున్నా, 90 డిగ్రీలు, రెండో పద్ధతి అన్నీ చూశాక కూడా మీ జవాబే నిలబడితే ధైర్యంగా ముందుకి పొండి, రోజంతా దాని దగ్గరే కూర్చోకండి. కానీ నిజం చెప్పాలంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పు మన దగ్గరే ఉంటుంది.

రెండు మెయిన్ పుస్తకాలు ఒకేసారి పెట్టుకోకండి. ఒకదాంట్లో లెక్క రాకపోతే ఇంకోదాంట్లోకి దూకడం చాలా హాయిగా ఉంటుంది, చదువుతున్నట్టే ఉంటుంది, రెండు పుస్తకాల్లోనూ మూడో చాప్టరే నలుగుతూ ఉంటుంది.

పుస్తకం కొనడానికి తొందరేమీ లేదు. హైదరాబాద్ అయితే కోఠీలోనో, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, విజయవాడ అయితే లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లలోనో వర్మ తేలిగ్గా దొరుకుతుంది, ఏటా కోచింగ్ పిల్లలు అమ్మేస్తూనే ఉంటారు. పాత ప్రింటైనా ఇబ్బంది లేదు. కొనేముందు ఎక్సర్‌సైజుల పేజీలు తిరగెయ్యండి, లెక్కల పక్కన పెన్నుతో సూత్రాలు రాసి ఉంటే ఆ కాపీ వద్దు, అది సొల్యూషన్లున్న పుస్తకంతో సమానం. మొదటి భాగంలో మొదటి ఎనిమిది పది చాప్టర్ల తర్వాత పేజీలు తెల్లగా మెరుస్తున్న కాపీలే ఎక్కువ దొరుకుతాయి. రెండో భాగం ఇప్పుడే కొనకండి, మొదటిది పదో చాప్టర్ దాటాక చూద్దాం.